సబ్‌మెరైన్ మోడల్‌కి తుప్పు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి?

గుణుపురం నుంచి ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, 1/144 స్కేల్‌లో జర్మన్ టైప్ 7-సి సబ్‌మెరైన్ కట్టాను. మొత్తం మ్యాట్ బ్లాక్ స్ప్రే కొట్టి, పైన బ్రౌన్ రంగుతో తుప్పు వేశాను. నిజం బోటులా రాలేదు, బురదలో ముంచి తీసిన బొమ్మలా ఉంది. ఎయిర్‌బ్రష్ లేదు. ఎక్కడ తప్పింది? మళ్ళీ మొదటి నుంచి చేయాలా?"

మళ్ళీ మొదటి నుంచి అక్కర్లేదు తమ్ముడూ. ఉన్న మోడల్ మీదే సరిచేయొచ్చు. నీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. తప్పులు రెండే. ఒకటి, ఆ బోటు అసలు నల్లగా ఉండదు. రెండు, నువ్వు వేసిన తుప్పుకి మొదలూ లేదు, చివరా లేదు. హల్ మీద, అంటే బోటు బయటి ఒంటి మీద, కారే ప్రతి చారికకీ పైన ఒక పుట్టిన చోటు కనబడాలి: ఒక కన్నమో, ఒక బోల్టో, ఒక అంచో. కింద వాటర్‌లైన్ దగ్గర, అంటే నీటిమట్టం తాకే గీత దగ్గర, అది ఆగిపోవాలి. నీ మోడల్‌లో బ్రౌన్ అన్ని చోట్లా ఒకే మందంలో పరుచుకుంది. అందుకే కంటికి తుప్పులా అనిపించడం లేదు, బురదలా అనిపిస్తోంది.

నాది పర్లాకిమిడి. 22 ఏళ్ళుగా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. 14 ఏళ్ళుగా రాత్రిపూట సబ్‌మెరైన్లు కడుతున్నాను. పగలంతా బండి డోర్ల కింద తుప్పు గీకి పుట్టీ పెట్టే చేతులే రాత్రి అరచేతి పొడవు బోటు మీద అదే తుప్పుని గీస్తాయి. మా షెడ్డులో పనిచేసే ఒడియా కుర్రాడు తుప్పుని "కళంకి" అంటాడు. ఏ బండి వచ్చినా ముందు వాడిని అడుగుతాను, కళంకి ఎక్కడ మొదలైందో చూపించు అని. బురద ఆరకుండా నిలిచే చోటు, పెయింట్ పగిలిన అంచు, నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయిన మూల, ఎప్పుడు చూసినా ఇవే. ఓడకైనా బస్సుకైనా లెక్క ఇదే. నీళ్ళు ఎక్కడ నిలిచాయి, ఎటు కారాయి అన్నది తెలిస్తే రంగు దానంతటదే సరైన చోట పడుతుంది.

ముందు రంగు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్లలో, అంటే యు-బోట్లలో, ఎక్కువ వాటికి వాటర్‌లైన్ పైన లేత బూడిద రంగు, కింద ముదురు బూడిద రంగు ఉండేవి. డెక్ చెక్క పలకలతో ఉండేది. చెక్క పాడవకుండా పూసే మందు వల్ల దాదాపు నల్లగా కనిపించేది, సముద్రంలో తిరిగే కొద్దీ నెరిసిన చెక్క రంగుకి వచ్చేది. నలుపు ఎక్కువగా ఈ మధ్య కాలపు బోట్ల రంగు. మనకి సబ్‌మెరైన్ అనగానే నలుపు తోచడానికి కారణం విశాఖలో చూసే బోట్లే అనుకుంటాను.

నువ్వు కొట్టిన నలుపు మాత్రం వృథా కాదు. దాన్ని అలాగే ఉంచి దాని మీదే బూడిద రంగు పలుచగా వేయి. కన్నాల లోపల, ప్లేట్ల సందుల్లో నలుపు అలాగే మిగిలిపోతుంది. చాలామంది కావాలనే ముందు నలుపు కొట్టి ఆ తర్వాత అసలు రంగు వేస్తారు.

ఇక స్కేల్ లెక్క. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ మోడల్ బొమ్మలా కనిపించడానికి సగం కారణం ఇదే. టైప్ 7-సి అసలు పొడవు 67.1 మీటర్లు. 1/144లో, అంటే అసలుకి 144వ వంతు సైజులో, అది 46 సెంటీమీటర్ల పైచిలుకు. నువ్వు ఆ మోడల్‌ని రెండడుగుల దూరం నుంచి చూస్తున్నావంటే, అసలు బోటుని సుమారు 88 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టే. మీ ఊరి వాటర్ ట్యాంకుని 88 మీటర్ల దూరంలో నిలబడి చూడు. దాని మీద గోరంత పెయింట్ పెచ్చు కనబడుతుందా? కనబడదు. బారెడు పొడవు చారిక కనబడుతుంది. ఆ దూరానికి ఏది కనబడుతుందో మోడల్ మీద అదే వేయాలి.

కొలిచి కూడా చూడు. 1/144లో 1 మిల్లీమీటర్ వెడల్పు గీత గీశావంటే అసలు బోటు మీద అది 14 సెంటీమీటర్లు, జానెడులో సగానికి పైనే. 1/350లో అదే గీత 35 సెంటీమీటర్లు, అంటే మూరెడులో ముప్పావు వంతు. ఒక చిన్న కన్నం నుంచి మూరెడు వెడల్పున తుప్పు కారదు కదా. నీ ఫోటోలో కొన్ని చారికలు 3 మిల్లీమీటర్లు ఉన్నాయి. స్పాంజితో పెచ్చులు అద్దే పద్ధతి ట్యాంకు మోడల్స్‌కి బాగుంటుంది, ఎందుకంటే అవి ఎక్కువగా 1/35. దాన్నే 1/350 బోటు మీద వాడితే ఒక్కో పెచ్చు పళ్ళెమంత అవుతుంది. సబ్‌మెరైన్‌కి నేను స్పాంజి ముట్టుకోను.

నల్ల బోట్లు కట్టేవాళ్ళకి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. నలుపుని సీసాలోంచి తీసినట్టే వాడకండి. మా ఊళ్ళో కొమ్ము పని చేసేవాళ్ళ దగ్గర కూర్చుంటే నలుపు అంటే ఏమిటో అర్థమవుతుంది. గేదె కొమ్ము దూరం నుంచి నల్లగా ఉంటుంది. ఎండలోకి తిప్పి చూస్తే ఒక పక్క బూడిద, ఒక పక్క గోధుమ, అంచు దగ్గర తేనె రంగు. బొమ్మకి ప్రాణం అక్కడే వస్తుంది. బోటు నలుపు కూడా అంతే. నేను టామియా కంపెనీ మోడల్ రంగుల్లో ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్ గానీ, ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్ గానీ మొదటి రంగుగా వేస్తాను. ఆ మీద అదే రంగులో కొద్దిగా బూడిద కలిపి ఎండ ఎక్కువ తగిలే పై భాగంలో, ఇంకొంచెం గోధుమ కలిపి పక్కల్లో పలుచగా వేస్తాను. పూర్తి నలుపుని కన్నాల లోపలికి దాచుకుంటాను. హల్ మొత్తం పూర్తి నలుపైతే కన్నం లోతు చూపించడానికి ఇక రంగే మిగలదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతా అంతా దీని నుంచే వస్తుంది.

సబ్‌మెరైన్‌లో మనుషులు ఉండే గొట్టం ఒకటి, దాన్ని ప్రెషర్ హల్ అంటారు. మనకి బయట కనిపించే డెక్, చాలా బోట్లలో దాని చుట్టూ ఉండే పలుచని రేకు తొడుగు, వీటి లోపలికి నీళ్ళు స్వేచ్ఛగా వచ్చిపోతాయి. అందుకే పక్కల్లో వరసగా కన్నాలు ఉంటాయి. బోటు మునిగేటప్పుడు గాలి బయటికి పోయి నీళ్ళు లోపలికి రావాలి, తేలేటప్పుడు ఆ నీళ్ళన్నీ బయటికి పోవాలి. ఒకసారి పైకి తేలిందంటే ఆ కన్నాలన్నింటి నుంచీ ఉప్పు నీళ్ళు ధారగా కారతాయి. ఆ తొడుగు లోపలి వైపు మనిషి చెయ్యి పెట్టి పెయింట్ వేయడం కష్టం, అక్కడ తుప్పు ముందుగా పడుతుంది. ఆ తుప్పు నీళ్ళే కన్నం కింది పెదవి మీదుగా జారి కింద చారిక కడతాయి. యుద్ధకాలంలో వారాల తరబడి సముద్రంలో ఉండి రేవుకి తిరిగొచ్చిన యు-బోట్ల ఫోటోలు చూడు. కన్నాల వరస కింద చారికలు కారి ఉంటాయి. రెండు కన్నాల మధ్య చోటు చాలా వరకు శుభ్రంగానే ఉంటుంది.

దీన్ని నేను పుస్తకంలో చూసి తెలుసుకోలేదు, విశాఖలో చూశాను. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్‌లో కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి బోటు, 91.3 మీటర్లు. 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది, 2002లో మ్యూజియం అయింది. ఒకసారి నేను వెళ్ళేసరికి పెద్ద వాన. వాన వెలిశాక జనమంతా టికెట్ క్యూ వైపు పోయారు, నేను హల్ కిందే ఉండిపోయాను. ఆకాశం తేటబడి చాలాసేపైనా పక్కన ఉన్న కన్నాల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అన్నింటి నుంచీ ఒకేలా కాదు. కొన్ని కన్నాల నుంచి ధార, కొన్నింటి నుంచి బొట్టు బొట్టు, కొన్ని పూర్తిగా పొడి. ధార కన్నం మధ్యలోంచి కాకుండా కింది మూల నుంచి దిగుతోంది. హల్ గుండ్రం లోపలికి తిరిగే చోట సన్నబడుతోంది. ఇంటికొచ్చి అంతకుముందు చేసిన మూడు మోడల్స్ తీసి చూసుకుంటే, అన్ని కన్నాల కిందా ఒకే పొడవు, ఒకే లావు చారికలు దువ్వెన పళ్ళలా ఉన్నాయి. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. నాలుగు కన్నాలకి ఒకదాని కింద గట్టి చారిక, ఒకదాని కింద లీలగా, మిగతా రెండూ ఖాళీ.

కుర్సురా విషయంలో ఒక జాగ్రత్త. దాని ఆకారం నమ్ము, రంగు నమ్మకు. కన్నాల వరస, ప్లేట్ల అతుకులు, రేకు ఎక్కడ సొట్టపోయిందో, ఇవన్నీ నీ కళ్ళతో చూసి ఫోటో తీసుకో. రంగు మాత్రం ఒడ్డున పెట్టిన వస్తువుగా కాపాడడానికి వేసేది. సముద్రంలో తిరిగే బోటు పాతబడినట్టు ఒడ్డున ఉన్న బోటు పాతబడదు. గుణుపురం-విశాఖ ప్యాసింజర్ మీ ఊళ్ళోనే బయలుదేరుతుంది కాబట్టి ఒక ఆదివారం వెళ్ళి రా. పక్క నుంచి, బోటుతో సమానమైన ఎత్తులో ఫోటోలు తీయి.

ఇప్పుడు నీ మోడల్‌కి ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ బోటు ఎక్కడ ఉంది? సముద్రంలోనా, రేవులో కట్టేసి ఉందా, మరమ్మతుకి డ్రైడాక్ (నీళ్ళు తోడేసిన రేవు గూడు) ఎక్కిందా? ఎందుకంటే నీళ్ళ కింద నీళ్ళు కారవు. వాటర్‌లైన్ పైన ఉన్న కన్నం నుంచి తుప్పు నీళ్ళు కారి సముద్రంలో కలిసిపోతాయి, చారిక అక్కడితో సరి. నువ్వు చారికల్ని బోటు అడుగు వరకు లాగావు. అలా ఉండాలంటే బోటు చాలా కాలంగా డ్రైడాక్‌లో ఉండాలి. మరి డ్రైడాక్ బోటైతే అడుగు భాగం మీద పాచి ఆరిపోయిన ఆకుపచ్చ బూడిద, హల్‌కి అంటుకున్న గవ్వపురుగుల్ని (బార్నకల్స్) గీకేసిన తెల్ల మచ్చలు, కొత్త పెయింట్ పట్టీలు ఉండాలి. రెండు కథల్ని ఒకే బోటు మీద కలిపితే చూసేవాడికి కారణం చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

మొదటి మోడల్‌కి రేవులో ఉన్న బోటు తేలిక. వాటర్‌లైన్ దగ్గర ఏం చేయాలో తెలియాలంటే మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్ళి రేవు మెట్లు చూస్తాను నేను. వేసవిలో నది తగ్గినప్పుడు మెట్ల మీద మూడు పట్టీలు విడిగా కనిపిస్తాయి. ఇంకా తడిగా ఉన్న చోట ముదురు ఆకుపచ్చ పాచి, దాని పైన ఎండి పసుపుకి తిరిగిన పట్టీ, ఇంకా పైన తెల్లటి ఉప్పులాంటి గీత. బోటు మీద కూడా అదే క్రమం. ఇంధనం, సామాను ఖర్చయ్యే కొద్దీ బోటు కొంచెం ఎక్కువ తక్కువ మునుగుతుంది కాబట్టి ఆ పట్టీ ఒకే గీతలా ఉండదు. రూలరు పెట్టి గీసినట్టు అస్సలు ఉండకూడదు. 1/144లో ఆ పట్టీ మొత్తం 4, 5 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకో.

ఇక చేతి పని. నీ దగ్గర ఎయిర్‌బ్రష్ లేకపోవడం సబ్‌మెరైన్ విషయంలో పెద్ద లోటు కాదు. విమానానికైతే బ్రష్ గీతలు కనబడితే పాడు. ఇక్కడ హల్ పక్కల్లో బ్రష్ పై నుంచి కిందికే లాగితే ఆ లీల గీతలు నీళ్ళు కారిన దారుల్లా కలిసిపోతాయి. ముందు 1000 నంబర్ వాటర్ పేపర్‌తో, తడిపి, నువ్వు వేసిన బ్రౌన్ గట్టుల్ని మెల్లగా చదును చేయి. ఆ తర్వాత ఆక్రిలిక్ బూడిద రంగుని పాలలా పలుచన చేసుకొని, అర అంగుళం మెత్తటి ఫ్లాట్ బ్రష్‌తో మూడు, నాలుగు పూతలు. పూతకీ పూతకీ మధ్య అరగంట. మొదటి పూత వేశాక చూస్తే అసహ్యంగా ఉంటుంది, టెన్షన్ పడి మందంగా వేసేయకు. మూడో పూతకి నిలబడుతుంది.

షాపులో దొరికే బండి థిన్నర్ ప్లాస్టిక్ దగ్గరికి తీసుకురావద్దు. ఆ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ మోడల్ కిట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. నాకు షెడ్డులో లీటర్లకి లీటర్లు ఉంటుంది, చేతికి అందేది అదే. నా మొదటి కిట్‌కి రంగు తప్పు పడితే అలవాటుగా దానితోనే తుడిచాను. నిమిషంలో పక్క అంతా సబ్బులా మెత్తబడి, గుడ్డ పోగులు దానిలో దిగిపోయాయి. కన్నాల వరస మొత్తం పూడుకుపోయింది. ఆ కిట్ కోసం నాలుగు నెలలు డబ్బు దాచాను. ఇప్పటికీ ఆ హల్ ముక్క షెడ్డులో మేకుకి వేలాడదీసి ఉంచాను, కొత్తగా నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి చూపించడానికి. టామియా ఆక్రిలిక్ అయితే దాని సొంత థిన్నర్ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ చాలు.

బూడిద రంగు ఆరిన మర్నాడు గ్లాసీ క్లియర్, అంటే మెరిసే రంగులేని వార్నిష్, ఒక పూత వేయి. ఎందుకంటే తర్వాత వాడేది ఆయిల్ కలర్. అడుగు గరుకుగా ఉంటే ఆయిల్ పీల్చుకుపోయి మరకలు పడతాయి, నునుపుగా ఉంటే తప్పు చేసినా తుడిచేయొచ్చు. నీ నల్ల స్ప్రే ఎనామిల్ అయితే ఈ పూత ఇంకా ముఖ్యం, లేకపోతే టర్పెంటైన్ దాన్ని లేపేస్తుంది. ఖరీదైన వెదరింగ్ (పాతబడినట్టు చూపించే) రంగు సీసాలు తెప్పించక్కర్లేదు. స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ఆయిల్ కలర్ ట్యూబులు మూడు కొను: బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, రా అంబర్. తెలుపు ఒకటి ఉంటే ఇంకా మంచిది. వాడే ముందు అట్టముక్క మీద గింజంత పిండి రెండు గంటలు వదిలేయి. నూనె అట్టలోకి ఇంకిపోతుంది. అప్పుడు రంగు తొందరగా, మెరుపు లేకుండా ఆరుతుంది.

ఇప్పుడు ఒక్క చారిక ఎలా వేస్తానో చెప్తాను, ఇదే మొత్తం పని. మూడు సున్నాల (000 నంబర్, బాగా సన్నటి) బ్రష్ కొసకి బర్న్ట్ అంబర్ ఆవగింజలో సగం తీసుకుంటాను. కన్నం కింది పెదవి మీద, కొంచెం ఒక మూలకి, ఒక చుక్క. దాని కిందే తాకీ తాకనట్టు బర్న్ట్ సియెన్నా ఇంకో చుక్క. అలా ఐదారు కన్నాలకి పెట్టి వదిలేస్తాను. పది నిమిషాలు ఆగాలి, వెంటనే లాగితే రంగు మొత్తం కొట్టుకుపోతుంది. తర్వాత చిన్న ఫ్లాట్ బ్రష్ టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డ మీద మూడు నాలుగు సార్లు తుడిచేస్తాను. బ్రష్ తడిగా ఉందా లేదా అని అనుమానం వచ్చేంత పొడిగా ఉండాలి. అప్పుడు చుక్క మీద నుంచి కిందికి ఒకే ఒక్క లాగు, వాటర్‌లైన్ వరకు. మళ్ళీ తుడిచి, ఈసారి చారిక పక్కన శుభ్రమైన చోట బ్రష్ పెట్టి పై నుంచి కిందికి లాగితే, చారిక అంచు కోసుకుపోయి వెంట్రుకంత సన్నబడుతుంది. రెండో పక్క కూడా అంతే. వేయడం ఒకసారి, తీయడం రెండుసార్లు. మొదలు దగ్గర ముదురు, దిగే కొద్దీ నారింజ, చివరికి ఉందా లేదా అన్నట్టు రావాలి.

పెయింట్ లేచిన చోట్ల ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇనుప గేటు పెయింట్ గీకి చూశావా? పెయింట్ కింద నేరుగా తుప్పు రాదు, ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కనిపిస్తుంది. అది మెత్తని ఇటుక రంగు, అంచులు పదునుగా ఉంటాయి, కింద చారిక ఉండదు. తుప్పు అయితే మధ్యలో నల్లగా, చుట్టూ నారింజ, కింద చారిక. మోడల్ మీద ఈ రెండింటికీ తేడా చూపిస్తే ముక్కు దగ్గర, లంగరు గూడు దగ్గర, మునుగు రెక్కల ముందు అంచున ఎంత బాగుంటుందో. ఇక టగ్గులు (ఓడల్ని లాగే చిన్న బోట్లు), రేవు గోడ రాసుకునే చోట హల్ పక్కల్లో అడ్డంగా నాలుగు గీతలు పడతాయి. సబ్‌మెరైన్ మీద అడ్డ గీతలు సబబైన చోట్లు చాలా తక్కువ, అందులో ఇది ఒకటి.

ప్రొపెల్లర్ విషయంలో మన భాషే దారి చూపిస్తుంది. ఇనుముకి పట్టేది తుప్పు, ఇత్తడికి, కంచుకి పట్టేది చిలుము. ప్రొపెల్లర్ కంచు జాతి లోహం, దాని మీద నారింజ తుప్పు వేయకూడదు. అలాగని బంగారం రంగు వేసి వదిలేస్తే గుడి గంటలా ఉంటుంది. మసకబారిన ఇత్తడి రంగు మీద పలుచగా రా అంబర్, మధ్యలో గుండ్రం దగ్గర కొంచెం ఆకుపచ్చ, రెక్కల అంచుల్లో మాత్రం కొద్దిగా మెరుపు. దాని చుట్టుపక్కల హల్ మీద చిన్న దిమ్మెలు కనిపిస్తే అవి జింక్ దిమ్మెలు. హల్‌కి బదులు అవి అరిగిపోవడానికే పెడతారు, వాటికి పెయింట్ వేస్తే పనిచేయవు. కాబట్టి వాటిని తెల్లబోయిన బూడిద రంగులో వదిలేయి. చుట్టూ ముదురు రంగు మధ్య ఆ చిన్న తెల్ల ముక్కలు చూడగానే తెలిసినవాళ్ళు రెండోసారి వంగి చూస్తారు.

ఇదంతా యు-బోటుకీ, ఫాక్స్‌ట్రాట్ లాంటి పాత డీజిల్ బోట్లకీ. రబ్బరు పలకలు అంటించిన బోటుకి ఇది వర్తించదు. మన సింధుఘోష్ తరగతి, అంటే రష్యన్ కిలో బోట్ల మీద శబ్దం పట్టుబడకుండా రబ్బరు పలకలు ఉంటాయి. రబ్బరుకి తుప్పు పట్టదు. రాయగడ నుంచి ఒకాయన తన 1/350 కిలో తీసుకొచ్చి చూపించారు, యు-బోటు వీడియో చూసి పక్కలంతా నారింజ చారికలు వేశారు. చక్కటి చెయ్యి, ఎంతో ఓపికగా చేశారు, నాకే బాధేసింది. మొత్తం తుడిచేయించి ఇద్దరం కూర్చొని మళ్ళీ చేశాం. మాస్కింగ్ టేపుని చిన్న చదరాలుగా కోసి, అక్కడక్కడా అంటించి, కొంచెం ఎక్కువ బూడిద కలిపిన నలుపు వేశాం. కొన్ని పలకలు కొత్తవి, కొన్ని పాతవి అన్నట్టు వచ్చింది. రెండు చోట్ల పలక ఊడిపోయినట్టు చదరం గుంట. తుప్పు మాత్రం హ్యాచ్ అంచున, తాళ్ళు కట్టే దిమ్మెల దగ్గర, అంటే ఇనుము బయటికి ఉన్న చోట చుక్కంత. పక్కల్లో తెల్లగా ఉప్పు ఆరిన చారికలు వేశాం, తెలుపులో కొంచెం రా అంబర్ కలిపి.

చివరిగా మన వాతావరణం. మీ వైపూ మా వైపూ ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలిలో తేమ ఎక్కువ. ఆ రోజుల్లో మ్యాట్ (మెరుపు లేని) క్లియర్ స్ప్రే కొడితే, ద్రావకం ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పట్టి తెల్లగా పాలిపోతుంది. షెడ్డులో బండ్లకీ ఇదే జరుగుతుంది, వానరోజు క్లియర్ కోట్ పెట్టను. నెల రోజుల పని ఐదు నిమిషాల్లో బూజు పట్టినట్టు అయిపోవడం నేను రెండుసార్లు చూశాను. పదకొండు గంటల తర్వాత, ఎండ ఉన్న రోజు, డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, పలుచగా రెండుసార్లు కొట్టు. ఒకవేళ తెల్లబోతే కంగారుపడి గీకేయకు. బాగా ఆరనిచ్చి, పొడి రోజు చూసి గ్లాసీ క్లియర్ ఒక పూత వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. తర్వాత మళ్ళీ మ్యాట్. ఆయిల్ రంగు మీద మ్యాట్ వేయడానికి కనీసం మూడు రోజులు ఆగు, వానాకాలమైతే వారం.

డెక్ సంగతి తేలికే: ముదురు గోధుమ బూడిద, పలకల సందుల్లో నలుపు, మనుషులు నడిచే టవర్ చుట్టూ, ఫిరంగి చుట్టూ కొంచెం నెరిసిన రంగు. ఇంకేమీ వద్దు.

నువ్వు ముందు కుడి పక్క మాత్రమే చేయి, అది కూడా టవర్ కింద ఉన్న ఆరు కన్నాలకే. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చేసి అప్పుడే బాగుందో లేదో తేల్చుకోకు. పొద్దున్న కిటికీ దగ్గర పెట్టి, రెండడుగుల దూరం నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. మ్యాట్ మాత్రం ఇంకా కొట్టకు, గ్లాసీ క్లియర్ మీద ఉండగా అయితే ఎక్కువైన చారికని టర్పెంటైన్ బ్రష్‌తో తీసేయించే వీలుంటుంది నాకు.